కాటా అక్క కట్టనన్న సీసం

కాటా అక్క దగ్గర తూకంలో మోసం చేసి బతికి బట్టకట్టినవాడు లేడు. ముప్పై ఏళ్లు పాత ఇనుము కొట్టు నడిపిన మనిషి. డబ్బా చేతికిస్తే చాలు, సరుకెంతో డబ్బా ఎంతో విడదీసి చెప్పేది. మొగుడు పోయాక కొట్టు మూసేసి ఓ మూల కూర్చోమని చుట్టాలంతా హితబోధ చేశారు. ఆవిడ వింటేనా? ఒకరోజు ఎక్కడిదో చిన్న విమానం తోక తుక్కులో కొట్టుకొచ్చింది. మంచమంత తోకని కాటా మీద పెడితే ముల్లు బద్ధకంగా కదిలిందంతే. ఇంత తేలిగ్గా ఎలా కట్టారా అని పట్టుకున్న పిచ్చి తొమ్మిదేళ్లు వదల్లేదు. తనే ఓ విమానం కడతానని ప్లాన్లు తెప్పించుకుంది. పాత బస్సుల షెడ్డు పట్టింది, వెల్డింగు చేసే తమ్ముణ్ణీ అందులోకి లాగింది. రెక్కల గుడ్డ తనే కుట్టి తనే బిగించింది. దారినపోయేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి ఇదెప్పుడు గుడ్లు పెడుతుందని అడిగితే, పెడితే మీ నెత్తినే పెడుతుందనేది.

ఆ రోజు తూకం. విమానం గాల్లోకి లేచే ముందు దాని బరువు ఏ చోట నిలుస్తోందో తేలాలి. వెనక్కి జరిగిందంటే ముక్కు పైకి లేచి, దించుదామన్నా మాట వినదు. ఎగరొచ్చని సంతకం పెట్టే విమానాల ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారే వస్తాడు. ఇవాళ కాదంటే మళ్లీ ఏడాది షెడ్డులోనే.

రెక్కల కింద గాలి దూరితే కాటా అబద్ధమాడుతుందని తలుపులు మూసి, ఫ్యాను ఆపేశారు. ముందు చక్రాల కింద రెండు కాటాలు పెట్టారు. తోక కింది బుల్లి చక్రాన్ని, ఎగిరేటప్పుడుండే ఎత్తుకి లేపి అల్యూమినియం గొట్టాల స్టాండు మీద నిలిపారు. ఆ స్టాండు కింద మూడో కాటా. విమానం మట్టంగా నిలిచిందనడానికి గుర్తుగా రసమట్టంలో బుడగ నడిమికొచ్చింది. వెనక కాటా ముప్పై రెండు చూపించింది. స్టాండు బరువు మూడు కిలోలని కాగితంలో ఉంది కాబట్టి ఇన్‌స్పెక్టరు అది తీసేసి, లెక్క కట్టి, పెదవి విరిచాడు. తోక ఇరవై తొమ్మిది కిలోలు. బరువు నిలిచే చోటు హద్దు దాటి బెత్తెడు వెనక్కి పోయింది.

"ముక్కులో సీసం కట్టండమ్మా. సాయంత్రంలోగా కడితే సంతకం పెట్టి వెళ్తాను."

తమ్ముడు సీసం కోసం చెప్పులు వేసుకుంటున్నాడు. అక్క కదల్లేదు. రోజూ ఆ తోకని ఎత్తి అటూ ఇటూ తిప్పేది ఆవిడే. నేల మీద బరువుగా ఉంటుంది, పైకి లేపేకొద్దీ తేలికవుతుంది. ఈ ఎత్తులో ఇరవై దాటదని చెప్పింది. చేతి అంచనాతో విమానాలు ఎగరవని ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కట్టేస్తే పోయేదేముందక్కా అని తమ్ముడు బతిమాలాడు.

"పోయేది నేను ఎక్కాక నా ప్రాణమేరా. లేని బరువుకి సీసం కడితే ముక్కు నేలచూపు చూస్తుంది. నేను కట్టను. ఆయన సంతకం ఆయన్నే ఉంచుకోమను."

అని ఊరుకోలేదు. తోకని తమ్ముడికి పట్టించి, స్టాండు పక్కకి లాగేసి, కొంగు దోపుకుని తనే కాటా ఎక్కింది.

"ముందు నన్ను తూచండి. తర్వాత తోక నా భుజాన పెట్టండి. స్టాండుకి బదులు నన్ను ధడా కట్టి, నా బరువు తీసేస్తే మిగిలేది తోకేగా."

ఎనభై ఒకటి. కిటికీ దగ్గర మూగినవాళ్లు కిసుక్కుమన్నారు. విన్నారుగా, ఇక వీధి వీధీ చాటండని వాళ్లకేసి చూడకుండానే అంది. తోక భుజానికెక్కింది. బుడగ నడిమికి రావాలంటే మోకాళ్లు కాస్త వంచాలన్నారు, వంచింది. చెమట కళ్లలోకి కారుతున్నా రెప్ప వెయ్యలేదు.

తొంభై తొమ్మిది.

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. తేడా పద్దెనిమిదే. మరి ఆ పదకొండు కిలోలూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. స్టాండు ఊగుతోందని, అక్క కష్టం కిందపడి ముక్కలవుతుందేమోనని, మొన్న దాని గొట్టాల్లో సిమెంటు పోశాడట. కాగితంలో పాత బరువే ఉండిపోయింది.

"ఎంత పోశావురా?"

"నిండేదాకా."

స్టాండుని తూస్తే పద్నాలుగు. ఆ లెక్కన చూస్తే విమానం బరువు నిలిచే చోటు హద్దుకి మూడు వేళ్లు ఇవతలే ఉంది. ఇన్‌స్పెక్టరు కొత్త కాగితం నింపి, పాతది చింపబోయాడు. అక్క దాని మీద చెయ్యి వేసింది.

"చింపకండి. తోక బరువని నా విమానాన్ని అన్న మాట మీ చేత్తోనే కొట్టేసి, తప్పు స్టాండుదని కింద రాయండి. సిమెంటు పోసింది మావాడేనని కూడా రాయండి, నాకేం నామోషీ లేదు."

"మీతో వేగడం కష్టమమ్మా."

"తొమ్మిదేళ్లుగా అందరూ అదే అంటున్నారు. రాయండి."

ఆయన రాశాడు. రెండు కాగితాల కిందా సంతకం పెట్టాడు.