పిలవని పండగ

మా ఆసుపత్రి పిల్లల వార్డుకి ఇప్పుడు పెద్ద నర్సు పేరు లిరియే. సూది చూసి ఏడ్చే పిల్లల్ని రెండు భాషల్లో బుజ్జగిస్తుంది. ఆమెను మొదటిసారి చూసిన రోజున నేను నా పర్సు దిండు కింద దాచుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

సెర్బియాలోని నిష్ నగరంలో నర్సింగ్ కాలేజీ, హాస్టల్లో ఇద్దరికీ ఒకటే గది. నేను సెర్బు క్రైస్తవుల పిల్లని, తను ప్రెషెవో నుంచి వచ్చిన అల్బేనియన్ ముస్లిం పిల్ల. "వాళ్ళు ముందు నవ్వి వెనక గోతులు తవ్వుతారు" అని మా తాత మిలుతిన్ చెప్పి పంపాడు. "వాళ్ళు పెట్టింది ముట్టుకోకు, పంది కొవ్వు కలిపేస్తారు" అని వాళ్ళమ్మ చెప్పి పంపిందట. నెల రోజులు అలమరాలో గిన్నెలు కూడా ఎడంగా పెట్టుకున్నాం.

ఎముకల పాఠం మమ్మల్ని కలిపింది. ఒకరు అడగడం, ఇంకొకరు అప్పజెప్పడం. పొద్దున్నే తను కాచిన కాఫీ పడకపోతే నాకు రెండొందల ఆరు ఎముకల్లో ఒక్కటీ గుర్తొచ్చేది కాదు.

డిసెంబరులో మా ఇంటి పండగ, మా ఇంటిని కాపాడే నికోలా సాధువుది. క్రిస్మస్ ముందు ఉపవాసాల రోజులు కాబట్టి మాంసం ఉండదు. చేపలు, చిక్కుడు గింజల కూర, ఇంటికొచ్చినవాళ్ళకి అన్నిటికంటే ముందు పెట్టే, వాల్‌నట్లు కలిపిన గోధుమ ముద్ద. వారం రోజులు లిరియే దగ్గర అదే పాట పాడాను. మా ఊరికి ఏ బస్సు వస్తుందో కూడా చెప్పాను. పండగనాడు అమ్మ తన కోసం ఒక పళ్ళెం పెట్టింది. సాయంత్రం దాకా అది అలాగే ఉంది.

"చెప్పానా, మన గడప తొక్కరు" అన్నాడు తాత. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు తాతనే నమ్మాను.

హాస్టలుకి తిరిగొచ్చి మాట్లాడటం మానేశాను. తనూ మానేసింది. మూడో రోజు తన మంచం మీద, గది మార్చమని రాసిన దరఖాస్తు కనిపించింది.

"వెళ్ళిపోతున్నావా?" అన్నాను.

"ఉండి ఏం చెయ్యను? వారం రోజులు వంటలన్నీ చెప్పి ఊరించావు. రమ్మని ఒక్క మాటన్నావా?"

"ఆ పండక్కి ఎవర్నీ పిలవరే. మా మేనమామని కూడా పిలవం. వచ్చేవాళ్ళు వస్తారు, అంతే."

"నాకేం తెలుసు? మా వాళ్ళల్లో పిలవని ఇంటికి వెళ్తే పరువు తక్కువ."

"అమ్మ నీకు పళ్ళెం పెట్టింది. రాత్రి తీసేటప్పుడు నావైపు చూడలేదు."

లిరియే దరఖాస్తుని మడిచి వేడి కాఫీ గిన్నె కింద పెట్టింది. అడుగున మసి అంటుకుని అది ఇక ఎవరికీ ఇవ్వడానికి పనికిరాకుండా పోయింది.

మరుసటి ఏడు పండగనాడు ఎవరో తలుపు తడితే తాత వెళ్ళి తీశాడు. మంచులో లిరియే, చేతిలో కాఫీ పొట్లం. వస్తున్నట్టు నాకు కూడా చెప్పలేదు. తాత ఏమంటాడోనని గబగబా ఆయన వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడాయన.

"ఎవరూ పిలవలేదు తాతయ్యా."

తాత తలుపు వదిలి పక్కకి జరిగాడు.

"అయితే లోపలికి రా. ముందు గోధుమలు తిను."