ఒంటి చేత్తో తెరుచుకునే థైలా

మా పక్కింటి పెద్దమ్మ పోయి నెల దాటింది. సూరత్‌లో, ఉధ్నాలో, మరమగ్గాల షెడ్డు మీద వరసగా కట్టిన అద్దె గదుల్లో మాదొకటి, దాన్ని ఆనుకొని ఆమెది. మధ్యాహ్నం ఎప్పుడో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రం ఏడు దాటాక ఆమె భర్త, మా పెద్దబాపు, డ్యూటీ దిగి వచ్చి తలుపు తోసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ మధ్యాహ్నమంతా నేను గోడకు ఇవతల బిడ్డకు పాలిస్తూ కూర్చునే ఉన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. సిరిసిల్ల వైపు నుంచి మాకంటే పాతికేళ్ల ముందు వచ్చిన మనిషి. కాన్పయ్యాక మూడో నెలలో నేను అమ్మగారింటి నుంచి బిడ్డతో దిగిన రోజే ఒక సంచి పట్టుకొని వచ్చింది. షెడ్డులో మిగిలిన చీర అంచులు కలిపి కుట్టిన సంచి. పాలు కారితే జాకెట్ లోపల పెట్టుకోవడానికి పాత ధోతి ముక్కల మడతలు, పిల్ల మూతి తుడిచే గుడ్డ, నాలుగు లంగోటీలు, కరెంటు పోతే ఊపుకోవడానికి విసనకర్ర, పల్లీలూ బెల్లమూ దంచి కట్టిన ముద్దలు అందులో ఉన్నాయి. నీళ్ల బాటిలూ ముద్దలకు డబ్బా మాత్రం నా ఇంట్లోవే పెట్టమంది.

"నువ్వు గదిల కూసుంటే గదిల, డాబా మీద కూసుంటే డాబా మీద. థైలా నీతోని నడువాలె" అంది.

నాకు నవ్వొచ్చింది. ఉన్నదే ఒక్క గది, పది అడుగులేస్తే గోడ తగులుతుంది. ఈ మాత్రానికి ఊరికి పోయేంత సరంజామా దేనికని అనేశాను. నా నోటికి అదుపు తక్కువ.

ఆమె నా ఎడమ చేతిలో దిండు పెట్టింది. అదే బిడ్డ అనుకోవాలట, కుడి చేత్తో ఒక్కొక్కటీ తీసి చూపాలట. బాటిల్ మూత తిరగనే లేదు. డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించి లాగితే ముద్దలు గదంతా దొర్లాయి.

"పిల్లను కింద వెట్టి తెరుస్తవా ఏంది? మార్చు గవి."

బొటనవేలితో పైకి లేపే మూత ఉన్న బాటిల్ ఎక్కడి నుంచో తెచ్చింది. డబ్బా తీసేసి ముద్దలను గుడ్డలో వదులుగా మూటకట్టింది. ఆ తర్వాత రోజూ పొద్దున వచ్చి, నన్ను పలకరించే ముందు సంచిని పలకరించేది. బాటిల్ కాస్త తగ్గి ఉన్నా మొహం మాడిపోయేది. "సగం నీళ్లంటే లేనట్టే బిడ్డా. పాలిచ్చేటప్పుడు దూప ఆగది" అనేది. గల్లీలో కాన్పయిన ఏ ఇంటికైనా, ఒడియా వాళ్లయినా యూపీ వాళ్లయినా, ఆమె సంచి వెళ్లాల్సిందే.

ఒకరోజు ఆటపట్టిద్దామని, "ఒక్క కేకేస్తే నువ్వు నీళ్లు తేవా పెద్దమ్మా?" అన్నాను. మడతలు పెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"సాంచలు నడుస్తుంటే ఇనబడది బిడ్డా" అంది. మరమగ్గాలను మావాళ్లు సాంచలనే అంటారు. "నేను కొత్తగ వచ్చినప్పుడు పక్క గదిల బాలింత ఉండె. జరం, దూప. నన్ను మస్తుసార్లు పిలిచిందట. నేను గోడకు గీ పక్కన రొట్టెలు చేస్కుంట ఉన్న. పిల్లనెత్తుకొని బిందె కాడికి లేచి, తల తిరిగి పడ్డది. పిల్ల దక్కలే. నా మీద కోపం గిట్ల చెయ్యలే. 'పిలిచిన అక్కా, నువ్వు రాలే' అన్నది, గంతే."

ఆ తర్వాత నేనెప్పుడూ సంచిని చూసి నవ్వలేదు. నా బిడ్డ ఇవాళ బొద్దుగా ఉందంటే ఆమె చలవే. ఆ మాట ఆమెతో అననే లేదు.

ఆమె పోయిన రోజు సంచి నిండుగా ఉంది. పొద్దున తనే నింపి వెళ్లింది. దాహమైతే నీళ్లు, ఆకలైతే ముద్ద, నాకు లేచే పనే పడలేదు. లేచి ఉంటే వరండా చివరి నల్లా దగ్గరికి పోయేదాన్ని. పోతూ పోతూ "పెద్దమ్మా" అని ఆమె తలుపు నెట్టడం నా అలవాటు. తలుపుకు దూరంగా, మా గోడ పక్కన, అరచెయ్యి గోడకు ఆనించి పడి ఉందని పెద్దబాపు చెప్పాడు. పిలిచిందేమో. గోడ తట్టిందేమో.

"సాంచల సప్పుడుల నీకెట్ల ఇనబడతది? ఊకో" అంటాడు మా ఆయన. నిజమే. ఆ మాట ఆమెకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా ఇన్నేళ్లూ సంచులు కుడుతూనే ఉంది.

పెద్దబాపు గది ఖాళీ చేసి ఊరికి పోయాడు. ఒడిశా నుంచి కొత్తగా పెళ్లయిన జంట వచ్చి దిగింది. వారానికి ఒకరోజు సాంచలు ఆగుతాయి, నేల వణకడం మానేస్తుంది. మొన్న అలా ఆగగానే గోడ అవతలి నుంచి ఎవరో పిలిచారు. బిడ్డను చంకనేసుకొని పరుగెత్తి తలుపు తట్టాను. పిండి చేతులతో ఆ అమ్మాయి తలుపు తీసింది.

"ఆప్‌నే బులాయా?" అన్నాను, నువ్వు పిలిచావా అని.

"నహీ దీదీ" అంది. నేను ఇలా వచ్చి అడగడం ఇది మూడోసారి. ఆమె పక్కకు తప్పుకుంది, కావాలంటే లోపలికి వచ్చి చూసుకోమన్నట్టు. నేను గడప దగ్గరే నిలబడి ఆమె భుజం మీదుగా గోడ వైపు చూస్తూ ఉండిపోయాను.