బరువు మోసినోని నడుము

నందికొండ బస్టాండులో ఇసుకలో వేగే పల్లీల వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఆదివారం పొద్దుటి ఇంగ్లీషు సినిమా గుర్తొస్తుంది. కృష్ణకు ఆనకట్ట కడుతున్న రోజులవి. అమ్మా బాపూ అక్కడ రాళ్లు మోసేవాళ్లు. ఆదివారం జుట్టులో పేరుకున్న సిమెంటు దుమ్ము కడుక్కుని, జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ కొరుక్కుని, రేకుల టాకీసుకు పోయేవాళ్లం. కుర్చీల్లో ఇంజనీర్లు, నేల టికెట్టు మీద మేము, బీడీ పొగ, కాలే రేకులు, ఒళ్లో పల్లీల పొట్లాలు.

మాకెవరికీ ఇంగ్లీషు రాదు. టికెట్లు చింపే ఖాసిం మామకూ రాదు. అయినా తెర పక్కన నిలబడి కథంతా ఆయనే చెప్పేవాడు: "దొర కొడుకు అలిగిండు, బువ్వ తినడంట!"

ఒక ఆదివారం అమెరికా సినిమా. ఓడరేవులో ఒక కూలీ పెట్టె ఎత్తబోతూ కాళ్లు గట్టిగా ఆనించి, నడుము వంచి, ఊపిరి బిగబట్టి, క్షణం ఆగాడు. మామ కథ ఆపేశాడు.

"గీ సిన్మ తీసినోడు బరువులు మోసినోడే. లేకుంటే గా నడుము గట్ల వంగదు."

వెనక ఒక ఇంజనీరు పకపకా నవ్వాడు. "అమెరికా డైరెక్టరు మూటలు మోశాడా? అబద్ధాలు ఆపరా!"

అమ్మ లేచింది. "మీ కథ మీరు సూడుండ్రి సారూ. మా కథ మాకు సెప్పనియ్యుండ్రి."

ఆ సార్లు వినలేదు. మరుసటి వారం నుంచి మామ నోరు కట్టేశారు, అబద్ధాలకోరని పేరూ పెట్టారు. ఏమీ అర్థంకాక నేల టికెట్టు వాళ్లం ఒక్కొక్కరం మానేశాం. నేను మాత్రం ఆ సినిమా పోస్టరు మీది అక్షరాలన్నీ బొమ్మల్లా గీసి దాచుకున్నాను. బడి మొహం చూడని నేను, ఆ కోపంతోనే, పాత డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చాను.

తెలంగాణ వచ్చాక నల్లగొండలో పాత పుస్తకాల కుప్పలో, నేను గీసి దాచుకున్న పేరే అట్ట మీద కనిపించి, ఆ డైరెక్టరు జీవితకథ దొరికింది. కుర్రతనంలో ఓడరేవులో మూటలు మోశాడట! తర్వాత స్టూడియోలో కుర్చీలు, మంచాలు మోశాడు, లైట్లు పట్టాడు, కెమెరా వెనక్కి చేరాడు. తీసిన మొదటి రెండు సినిమాలు పడిపోతే గెంటేశారు. మూడోది, తను మూటలు మోసిన రేవులోనే తీసి నిలబడ్డాడు. మేము చూసింది అదే.

ఖాసిం మామ అప్పటికే లేడు. టాకీసూ లేదు, ఆ జాగాలో కార్లు ఆపుతున్నారు. మొన్న ఆ పుస్తకం పట్టుకుపోయి, తెర ఉండేచోట నిలబడి, ఆ పేజీని మామలాగే గట్టిగా తెలుగులో చెప్పాను. కారు దిగిన ఒకాయన ఆగి చూశాడు.

"ఏంది తాతా, ఎవలతోని మాట్లాడుతున్నవు?"

"నేల టికెట్టోళ్లతోని" అన్నాను.