కూర్చోవాలంటే బీడీ

తాండూరు పక్కన ఒక నాపరాతి గనిలో పని మధ్యలో కూర్చోవడానికి ఒకటే దారి ఉండేది. బీడీ ముట్టించాలి. అది కాలినంతసేపు మనిషి నీడన కూర్చోవచ్చు, మేస్త్రీ నర్సింహులు ఏమీ అనడు. బీడీ తాగనివాడికి ఆ కాసేపూ లేదు, రాయి మోస్తూనే ఉండాలి. ఈ న్యాయం ఎవడు పెట్టాడో గానీ వాడి నోట్లో మన్ను పడ!

బంట్వారం ఊళ్ళో గొర్రెలు కాసే కురుమల పిల్లవాడు బీరన్న ఆ గనికి వచ్చేనాటికి పదహారేళ్ళవాడు. నిజాం పాలన పోయి పదేళ్ళు దాటింది. ఆ ఏడు మాయరోగం వచ్చి వాళ్ళ మంద తుడిచిపెట్టుకుపోయింది. మంద ఉన్ననాడు అతను కూర్చోవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు.

తండ్రి ఈరయ్య బీడీలు తాగి తాగి, దగ్గి దగ్గి పోయాడు. ఆఖరి రోజుల్లో పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే ఉండేవాడు. అప్పుడే తల్లి రుక్కమ్మ కొడుకు చేయి తన నెత్తిన పెట్టుకుంది.

"బీడీ ముట్టనని నా మీద ఒట్టెయ్యి కొడుకా."

వేశాడు.

గనిలో తోటివాళ్ళు పిలిచేవాళ్ళు. "రారా బీరిగా, జర పొగ పీల్చు. నడుము చక్కగైతది."

"వద్దు కాకా."

"అమ్మ కొంగు పట్టుకొని తిరిగేటోనికి గనెందుకురా?"

వాళ్ళ నవ్వును అతను లెక్కచేయలేదు. మనసును లాగింది వాళ్ళు కూర్చున్న నీడే. ఒకరోజు ముట్టించని బీడీ చేత పట్టుకుని వాళ్ళ పక్కన చేరాడు. నర్సింహులు చూడనే చూశాడు.

"పొగేదిరా? ముట్టియ్యి, లేకుంటె లేచి రాయెత్తు!"

లేచాడు. ఆ సాయంత్రం ఒళ్ళు హూనమై, గుడిసెకు పోయి తల్లి పెట్టిన తిండి కూడా తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడూ అంతే. పని మానేస్తే తినేదేమిటి? బీడీ తాగితే తల్లి తల మీద ఒట్టు. ఎటు చూసినా దారి లేదు.

ఒక్కడి కూలితో పొయ్యి వెలగక, ఎండాకాలంలో రుక్కమ్మ కూడా గనికి వచ్చింది. రాతి పెళ్ళలు గంపకెత్తి మోసే పని. మధ్యాహ్నానికే అలిసి, గంప దించి కూర్చోబోయింది.

"ఏందవ్వా, బీడీ ఉన్నదా? లేకుంటె కూసునుడు లేదు," అన్నాడు నర్సింహులు.

బీరన్న అడ్డం వచ్చాడు. "ఆమె గంప గూడ నేనే మోస్త. అమ్మను కూసోనియ్యి."

"నీ పని నీకున్నది, పో."

రుక్కమ్మ నీడలో కూర్చున్నవాళ్ళను చూసింది. వాళ్ళ చేతుల్లో బీడీలు చూసింది. కొడుకు ఇన్నాళ్ళూ మాటాపలుకూ లేకుండా ఎందుకు పడుకున్నాడో అప్పుడు తెలిసింది. అక్కడున్న ఒక ముసలామెను అడిగి రెండు బీడీలు తెచ్చింది. ఒకటి కొడుకు చేతిలో పెట్టింది.

"ఒట్టో?" అన్నాడు బీరన్న.

"నువ్వు గిట్ల మోసి సస్తున్నవని నాకెర్క లేకపాయె. కూసో కొడుకా."

అతను అగ్గిపుల్ల గీసి ముందు తల్లి బీడీ ముట్టించాడు. ఆమె దగ్గింది. అచ్చం ఈరయ్య దగ్గే. బీరన్న తనదీ ముట్టించి ఆమె పక్కన కూర్చున్నాడు.

నర్సింహులు ఏమీ అనలేదు.