నాయన బొట్టు పెట్టిన రోబో లారీ

లారీగా మారే రోబో బొమ్మ ఒకటి పోయిన నెల కొనుక్కున్నాను. చిన్నప్పుడు పక్కింటి టీవీలో చూసి ఆశపడ్డ బొమ్మకు ఇది కొత్త రూపం. ఈ రోజు ఆయుధపూజ. తాడిపత్రిలో నాపరాళ్ళ లారీ తోలే మా నాయన, తన లారీతో పాటు ఆ బొమ్మకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. నిజం చెప్తాను, తెల్లటి ప్లాస్టిక్ మీద ఆ పసుపు చూసి నేనూ మొహం చిట్లించాను. కానీ ఆయన ఎంత శ్రద్ధగా పెట్టాడో చూసి ఏమీ అనలేదు.

మధ్యాహ్నం అనంతపురం నుంచి ఒకతను వచ్చాడు. అతనూ ఇలాంటి బొమ్మలు సేకరిస్తాడు. తన విమానం రోబో ఇచ్చి నా లారీ తీసుకునేట్టు ముందే మాట్లాడుకున్నాం. బొమ్మను చూడగానే గుమ్మంలోనే అరిచాడు.

“థూ, ఏం పెద్దాయనా, గలీజు చేసి పెట్టినావే! ఇంగ దీన్ని ఎవరు తీసుకుంటారు?”

“బండే గదా అని పెట్టినానప్పా,” అన్నాడు నాయన.

“బండంట బండి! ఇంట్లో చదువుకున్న బిడ్డ ఉండాది గదా, చెప్పలేదా నీకు?”

“చెప్పలేదు. నీకు ఇచ్చేదీ లేదు. ఇంగ పోన్నా నువ్వు,” అన్నాను.

అతను పోయాడు. కాసేపటికి చూస్తే నాయన పెరట్లో కూర్చుని డీజిల్ గుడ్డతో ఆ బొట్టు తుడుస్తున్నాడు. కుంకుమతో పాటు బొమ్మ మీది నీలం గీతల రంగూ ఊడి వస్తోంది. నేను చెయ్యి పట్టుకుంటే, “పోతాదిలేమ్మా, ఇంగొంచెం రుద్దితే,” అన్నాడు.

బొమ్మలంటే ప్రాణమని చెప్పుకునే ఆ మనిషిని తలుచుకుంటేనే రోత పుడుతోంది. ఇలాంటివాళ్ళు మీకూ తగిలి ఉంటే, మీరేమన్నారో రాయండి. నేను అన్నది చాలలేదు.