కాకులు రాని తోట

రంగూనులో రాయల్ లేక్స్ దగ్గర ఒక కలప కంపెనీ దొర బంగళాలో దండాసి తోటమాలి. మనిషి మంచివాడే గానీ, పట్టిన పని పూర్తయ్యేదాకా పెళ్ళాం పిలిచినా పలకడు. బంగళా వెనక రేకుల గదిలో తల్లి చిలకమ్మతో, భార్య దేముడమ్మతో కాపురం.

1926 చలికాలంలో దొరకి ఓ ముచ్చట పుట్టింది. వరండాలో టీ తాగుతుంటే ఎదురుగా వడ్రంగి పిట్టలు కనబడాలి. వాళ్ళ దేశంలో పశువు కొవ్వు వేలాడగడితే ఆ పిట్టలు వస్తాయట. ఆవు కొవ్వు ముట్టనని దండాసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మేక కొవ్వయినా సరేలే అన్నాడు దొర.

దండాసి మేక కొవ్వు తెచ్చి కరిగించి, ఎండకి కారిపోకుండా వేరుశెనగ పిండి కలిపి ముద్ద చేశాడు. టేకు దుంగకి తొర్రలు తొలిచి, అందులో ఆ ముద్ద కూరి, ముందు తోటలో నిద్రగన్నేరు కొమ్మకి వేలాడదీశాడు. వచ్చినవి కాకులూ గోరింకలూ. రంగూను కాకి సంగతి తెలిసిందేగా, చేతిలోది లాక్కుపోయే రకం. ఈసారి తొర్రలన్నీ దుంగ అడుగున తొలిచాడు. తలకిందులుగా పట్టుకుని తినడం వడ్రంగి పిట్టకే చేతనవును. గోరింకలు విసుగెత్తి పోయాయి. కాకులు మాత్రం దుంగని ఊపి ఊపి కొవ్వు రాల్చుకున్నాయి.

దండాసికి ఒళ్ళు మండింది. ఎక్కడో చచ్చిపడున్న కాకిని తెచ్చి, వెదురు గడకి కట్టి, దుంగ పక్కనే పాతాడు. కాకులన్నీ చేరి పొద్దుగూకేదాకా గోల చేసి, ఆ తరవాత ఆ ఆవరణలోకి రాలేదు. ఎర్ర జుట్టు, పసుపు వీపు ఉన్న వడ్రంగి పిట్టల జంట వచ్చింది. దొర మురిసిపోయాడు. దండాసి ఇంకా మురిసిపోయాడు.

మాఘంలో చిలకమ్మ జ్వరంతో పోయింది. ఆమె చిన్నకొడుకు జోగి ఊళ్ళోనే లమ్మడా పేటలో ఉంటూ రేవులో బస్తాలు మోసేవాడు. మ్యాసేన్ అనే బర్మా పిల్లని కట్టుకున్నాడని, చిలకమ్మ ఆ కోడలి చేతి మంచినీళ్ళయినా తాగలేదు. పోయేదాకా అదే పంతం.

పదో రోజున బంధువులు చేరారు. పోయినవాళ్ళ కూడు కాకి ముట్టాలి. ముట్టలేదంటే మనసులో ఏదో కొరతతో పోయినట్టు. వాళ్ళ వాడుక ప్రకారం ఆమె ప్రాణం విడిచిన గది కప్పు మీదే ఆకులో కూడు పెట్టారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఒక్క కాకీ రాలేదు.

"ముసల్దాని మనసులో ఏటో ఉండిపోనాది," అన్నాడు కులపెద్ద లోకనాథం.

అందరూ వెనక గేటు బయట నిలబడ్డ మ్యాసేన్ వైపు చూశారు. ఆమెకి తెలుగు రాదు గానీ ఆ చూపులు అర్థమయ్యాయి. తల వంచుకుంది.

జోగి చేతులు జోడించాడు. "అమ్మా, ఆకలితో ఎల్లిపోకే. దాన్ని ఒగ్గీస్తా..."

కాకులెందుకు రాలేదో దండాసికి తెలుసు. చెబితే కన్నతల్లి కూటికి అడ్డుపడ్డాడని బతికున్నన్నాళ్ళూ అంటారు. చెప్పకపోతే తమ్ముడి కాపురం ఈ పూటే కూలిపోతుంది. సిగ్గూ భయమూ రెండూ కమ్ముకొచ్చాయి.

"ఆగరా జోగీ. ఆ పిల్ల తప్పేటీ నేదు. తప్పు నాది," అన్నాడు. అందరినీ ముందు తోటకి తీసుకెళ్ళి, ఎండిపోయిన కాకిని చూపించి, జరిగిందంతా చెప్పాడు.

"పిట్టల కోసం అమ్మ కూడు ఆపీసినావా?" అన్నాడు లోకనాథం.

దేముడమ్మ మొహం తిప్పుకుంది. దండాసి అందరి ముందూ ఏడ్చాడు. తరవాత కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళి, కప్పు మీది ఆకు దింపి, గేటు దాటి మ్యాసేన్ చేతుల్లో పెట్టాడు.

"నువ్వెట్టమ్మా," అన్నాడు. అదే మాట బర్మాలోనూ చెప్పాడు.

"అదేటిరా, ఆవిడ సేత్తోనా?" అన్నాడు లోకనాథం.

ఆమె అప్పటికే చెప్పులు విడిచి, రోడ్డు పక్క గడ్డి మీద ఆకు పెట్టి, మోకాళ్ళ మీద వంగి నేలకి నుదురు ఆనించింది. లేచి నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో, ఎదుటి చెట్టు మీంచి ఒక కాకి దిగి ముద్ద ముట్టింది. దాని వెనకే ఇంకొన్ని దిగాయి.

లోకనాథం కండువా దులుపుకున్నాడు.

"ఏటి సూస్తారు, ఆ కోడల్ని లోపలికి తీసుకురండి. అత్త తిన్నాది, ఇంక అదీ తినాల," అన్నాడు.