మూడో ఫిర్యాదు

మా అమ్మ హార్బరులో చేపలు కొని కంచరపాలెం వీధుల్లో అమ్ముతుంది. నేను ఫోన్లో బుక్ చేసుకునే టాక్సీల కంపెనీలో ఫిర్యాదులు చూస్తాను. ఇద్దరమూ జనం నోట్లో నోరు పెట్టి బతికేవాళ్ళమే. కాకపోతే అమ్మ ఎదురు తిడుతుంది, నేను క్షమించమంటాను.

చేపల గంపను ఏ బండీ ఎక్కించుకోదు. స్టాండులో ఒక్క ఆటో ఆయన మాత్రం వెనక గోనెపట్టా పరిచి, గంప తనే ఎత్తిపెట్టి, "ఎక్కప్పా" అని అమ్మను అక్క వరసన పిలిచేవాడు. అమ్మ మోకాళ్ళు అరిగిపోయాక ఆ ఆటో లేనిదే బేరం లేదు. నా డిగ్రీ చదువు అలాగే గట్టెక్కింది. యాప్‌లు వచ్చి స్టాండు ఖాళీ అయ్యాక ఆయనా మా కంపెనీలోనే చేరాడు, అద్దె ఆటోతో. పొద్దున్నే అమ్మను దింపి, బండంతా సబ్బునీళ్ళతో కడిగి, అప్పుడు యాప్ తెరిచేవాడు.

ఈలోగా పోటీ కంపెనీ తమ బండ్లలో సువాసన అని ప్రకటనలు మొదలుపెట్టింది. మా మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఎక్కడో విదేశంలో డ్రైవరే లేకుండా తిరుగుతున్న టాక్సీ వీడియో చూపించాడు. అవి వచ్చేలోపు ఒక్క కస్టమరూ జారిపోకూడదన్నాడు. వాసన మీద మూడు ఫిర్యాదులొస్తే డ్రైవరు ఐడీ తీసేయాలని రూలు పెట్టాడు. రాని బండికి భయపడి ఉన్న మనుషుల్ని తీసేయడం మాకే చెల్లింది.

ఆ వీడియో సంగతి చెబితే అమ్మ అడిగింది ఒక్కటే.

"డ్రైవరు నేకపోతే గంప ఎవులు దింపుతారే గుంటా?"

ఒక మధ్యాహ్నం నా స్క్రీను మీదకు ఫిర్యాదు వచ్చింది. ఆటోలో చేపల కంపు, కడుపులో తిప్పింది అని. పక్కన ఆయన ఫొటో. అది మూడోది.

ఆ కంపు మాది. నేను రోజూ సెంటు కొట్టుకుని ఆఫీసుకు వెళ్ళేది దాన్ని దాచడానికే. అది మా అమ్మ గంపదని ఒక్క ముక్క రాసి పైకి పంపొచ్చు. పంపితే నేనెవరి కూతురినో ఆఫీసంతా తెలిసిపోతుంది. సిగ్గేసింది. ఐడీ తీసేసే బటన్ నొక్కేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ఐడీ పోయిందని ఓనరు ఆ సాయంత్రమే ఆటో లాక్కున్నాడు. మర్నాడు ఆయన హార్బరుకు నడిచి వచ్చి, గంప అమ్మ నెత్తికెత్తి, "ఏటనుకోకప్పా" అని వెళ్ళిపోయాడట. అమ్మ ఎండలో కంచరపాలెం దాకా నడిచింది. చేపలు మెత్తబడిపోయాయి, ఎవరూ కొనలేదు.

ఇంటికొచ్చి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అంది.

"ఆడి ఐడీ ఎవులో తీసీసినారంట. నీదీ ఆ కంపినీయే గదా. సదూకున్నదానివి, నువ్వు సెప్తే ఇంటారు. ఓపాలి అడిగి సూడు."

"అడుగుతానమ్మా" అన్నాను.

"ఆడికీ అదే సెప్పినాను. మా గుంట ఉంది, నువ్వు బెంగెట్టుకోకు అని."